రేవును ఎంచుకునేది రేపటి గాలిని బట్టి

(ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న సౌతాంప్టన్‌లో తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్న తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి నా మాట వినబడుతోందా? మంచిది. గోడ మీద పెట్టిన చార్టు, అంటే సముద్రపు పటం, అందరికీ కనబడకపోవచ్చు. పరవాలేదు, ఊళ్ళ పేర్లు నేను చెబుతూ ఉంటాను. మీరు సౌతాంప్టన్ నుంచి మొదలుపెట్టి వేలు ఎడమవైపు జరుపుకుంటూ రండి, చివరికి ఫాల్మత్ దగ్గర తేలుతాం. మొత్తం సుమారు 150 నాటికల్ మైళ్ళు.

మీలో చాలామంది ఈ వేసవిలో సొంతంగా పడవ అద్దెకు తీసుకుని పడమటికి వెళ్ళాలనుకుంటున్నారు. చాలా సంతోషం. నన్ను అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అన్నీ పడవ గురించే. ఎంత పొడవు పడవ తీసుకోవాలి? తెరచాప ఎప్పుడు తగ్గించాలి? ఇంజను ఆగిపోతే ఏం చేయాలి? అడగవలసిన ప్రశ్నలే. కానీ రాత్రికి ఎక్కడ ఆగాలి అని అడిగేవారు తక్కువ. తీరం వెంబడి చేసే యాత్రలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. సాయంత్రమవుతోంది. పిల్లలకు వాంతులవుతున్నాయి. గాలి పెరుగుతోంది. ఎదురుగా రేవు కనబడుతూనే ఉంది, లోపలికి వెళ్ళే వీలు లేదు. అప్పుడు ఎటు పోతారు? ఆ ప్రశ్నకు జవాబు పడవలో కూర్చుని వెతకకూడదు. ఇంట్లో బల్ల ముందు కూర్చున్నప్పుడే దొరకాలి.

కాబట్టి ముందుగా ఒక మాట చెప్పి, ఆ మాటనే ఈ తీరమంతా తిప్పి చూపిస్తాను. రేవులు రెండు రకాలు. కొన్ని ఎప్పుడూ తలుపు తెరిచి ఉంచే ఇళ్ళలాంటివి. నీరు పెరిగే పోటైనా తగ్గే ఆటైనా, పగలైనా రాత్రైనా, దాదాపు ఏ గాలిలోనైనా లోపలికి వెళ్ళవచ్చు. వీటిని తెరిచి ఉండే రేవులు అందాం. రెండోవి మూసుకునే రేవులు. నీళ్ళు చాలినప్పుడు, గాలి అనుకూలించినప్పుడు, వెలుతురు ఉన్నప్పుడు మాత్రమే రానిస్తాయి. మీ ప్రయాణం తెరిచి ఉండే రేవుల మీద నిలబడాలి. మూసుకునే రేవులో ఆగే అవకాశం వస్తే ఆగండి, హాయిగా గడపండి, కానీ దాన్ని నమ్ముకుని బయలుదేరవద్దు. మళ్ళీ చెబుతున్నాను, రాసుకునేవారు రాసుకోండి: మూసుకునే రేవును నమ్ముకుని బయలుదేరవద్దు.

ఇక గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి. అట్లాంటిక్ నుంచి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటాయి. అల్పపీడనం అనే మాట మనకు కొత్త కాదు కదా, చిన్నప్పటి నుంచి రేడియోలో విన్నదే. అది ఇక్కడికి దగ్గరపడుతున్నప్పుడు గాలి దక్షిణానికి, ఒక్కోసారి ఆగ్నేయానికి తిరుగుతుంది. తరువాత నైరుతికి, అది దాటిపోయాక వాయవ్యానికి వస్తుంది. దీని అర్థమేమిటి? సాయంత్రం పడమటి గాలిలో ప్రశాంతంగా ఉన్న అఖాతం, తెల్లవారుజామున ఆగ్నేయపు గాలికి నోరు తెరుచుకుని ఉండవచ్చు. లంగరు వేసేటప్పుడు చూడవలసింది ఇప్పుడు వీచే గాలిని కాదు, మీరు నిద్రపోతున్నప్పుడు వీచబోయే గాలిని.

సరే, బయలుదేరదాం. సోలెంట్ గురించి, అంటే సౌతాంప్టన్ ముందున్న జలసంధి గురించి, ఎక్కువ చెప్పను, మీరంతా అక్కడే నేర్చుకున్నారు. యార్మత్, లిమింగ్టన్ మీకు తెలిసినవే. హర్స్ట్ కోట దగ్గర ఇరుకు దారిలో ప్రవాహం ఎంత బలంగా ఉంటుందో కూడా చూసే ఉంటారు. బయటికి వెళ్ళేటప్పుడు ఆటు మనల్ని పడమటికి లాక్కుపోతుంది, అది మనకు కావలసిందే. కానీ ఆ ఆటుకు ఎదురుగా గట్టి నైరుతి గాలి ఉంటే నీడిల్స్ రాళ్ళ దగ్గర నీళ్ళు నిలువుగా లేస్తాయి. ప్రవాహమూ గాలీ ఎదురెదురుగా తలపడే చోటు ఎక్కడైనా అంతే. ఈ తీరం మీద పడమటికి వెళ్ళేవారికి ఈ ఇబ్బంది ప్రతి కొండముక్కు దగ్గరా ఎదురవుతుంది.

ఆటుపోట్ల విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. పెద్ద పోట్లు అమావాస్య, పున్నమి తరువాత ఒకటి రెండు రోజులకు వస్తాయి. అష్టమి ప్రాంతంలో వచ్చేవి చిన్నవి. ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటే చాలు, సెలవు పెట్టేముందు తిథి చూసుకోండి. పోర్ట్‌లండ్ లాంటి చోట్ల మొదటిసారి దాటేవారు అష్టమి రోజులు ఎంచుకుంటే ప్రవాహం జోరు బాగా తగ్గి ఉంటుంది. కచ్చితమైన వేళలకు మాత్రం ఆటుపోట్ల పట్టికే చూడాలి.

పూల్ దాకా వచ్చాం. పూల్ రేవు బయట స్టడ్‌ల్యాండ్ అఖాతం ఉంది. పడమర, నైరుతి గాలులకు మంచి చాటు. దక్షిణాన ఓల్డ్ హ్యారీ తెల్లని సుద్దరాళ్ళు. చూడముచ్చటైన చోటు. అయితే తూర్పు గాలికి ఏ చాటూ ఉండదు. తూర్పు గాలి వస్తుందని తెలిస్తే చీకటి పడకముందే లంగరు ఎత్తి పూల్ లోపలికి వెళ్ళిపోండి. ఇంకో విషయం. ఆ అఖాతం అడుగున సముద్రపు గడ్డి ఉంది, అందులో సముద్రపు గుర్రాలు బతుకుతాయి. లంగరు ఆ గడ్డిని వేళ్ళతో సహా పెకలిస్తుంది. 2019లో దాన్ని సముద్ర సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 2021 డిసెంబరు నుంచి గడ్డి ఉన్న భాగంలో లంగరు వేయడం స్వచ్ఛందంగా మానుకోమని కోరుతున్నారు. స్వచ్ఛందమే కదా అనుకోకండి. గడ్డిలో లంగరు సరిగా పట్టదు, మీకూ మంచిది కాదు, ఆ ప్రాణులకూ మంచిది కాదు. గడ్డికి హాని చేయకుండా పడవ కట్టుకునే బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, అక్కడ ఏర్పాటు చేశారు, వాటికి కట్టుకోండి.

తరువాత లల్వర్త్. ఫోటోలలో చూసి అందరూ వెళ్ళాలంటారు. గుండ్రటి చిన్న అఖాతం, సన్నని ద్వారం. దక్షిణం నుంచి కెరటం లోపలికి వచ్చిందంటే పడవ రాత్రంతా పొర్లుతూనే ఉంటుంది, ఆ ద్వారం గుండా బయటికి రావడమూ కష్టమే. మధ్యాహ్నం భోజనానికి ఆగండి, రాత్రికి వద్దు. ఆ పక్కనే సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతం సముద్రంలోకి విస్తరించి ఉంటుంది. ఆ వేళలు ముందుగానే ప్రకటిస్తారు, చూసుకుని బయలుదేరండి.

ఇప్పుడు పోర్ట్‌లండ్. ఇక్కడ కాస్త ఆగుదాం. పోర్ట్‌లండ్ బిల్ అనే ఆ కొండముక్కు సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ప్రవాహాలు దాని కొన దగ్గర కలిసి సుడులు తిరుగుతాయి. పెద్ద పోట్ల రోజుల్లో ఆ ప్రవాహ వేగం 7 నాట్లు, అంటే గంటకు 7 నాటికల్ మైళ్ళు, దాటుతుంది. మీ పడవ వేగం ఎంత? ఐదు, మహా అయితే ఆరు. అంటే తప్పు వేళకు అక్కడికి చేరితే పడవను మీరు నడపరు, ప్రవాహం నడుపుతుంది. దాటే దారులు రెండు. ప్రవాహం మారే వేళ చూసుకుని ఒడ్డుకు అతి దగ్గరగా పోవడం ఒకటి, కొన్ని మైళ్ళు దక్షిణానికి దిగి చుట్టు తిరిగి పోవడం ఇంకొకటి. మొదటిసారి వెళ్ళేవారికి నేను రెండోదే చెబుతాను. గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

ఆ కొండముక్కుకు ఈవైపునే రెండు తెరిచి ఉండే రేవులున్నాయి, వేమత్, పోర్ట్‌లండ్. గట్టి తూర్పు గాలిలో వేమత్ వాకిలి దగ్గర కెరటం లేస్తుంది, అప్పుడు పోర్ట్‌లండ్ మేలు. పోర్ట్‌లండ్ రేవు ప్రకృతి ఇచ్చినది కాదు. 1849లో మొదలుపెట్టి 1872 దాకా ఖైదీల చేత రాయి కొట్టించి, కెరటాలను ఆపే బ్రేక్‌వాటర్ గోడలు కట్టించారు. 1914 నవంబరులో, యుద్ధకాలంలో, శత్రువుల దాడి రాకుండా దక్షిణపు ద్వారానికి అడ్డంగా హుడ్ అనే పాత యుద్ధనౌకను ముంచారు. ఇప్పటికీ అక్కడే ఉంది, ఆ ద్వారం మూసుకునే ఉంది. విశాఖపట్నం నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు కదా? 1933లో తెరిచిన మన విశాఖ రేవుకు కూడా ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. రేవు అనేది ఎంత మంది శ్రమతో నిలబడుతుందో గుర్తు పెట్టుకోవలసిన విషయం ఇది.

మన ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం వేమత్‌లో తీసుకుంటాం. ఎందుకు? చార్టు చూడండి. పోర్ట్‌లండ్ బిల్ నుంచి అవతల బెర్రీ హెడ్ దాకా లైమ్ అఖాతం, దాదాపు 40 నాటికల్ మైళ్ళు. ఐదు నాట్ల వేగంతో ఎనిమిది గంటలు. ఈ మధ్యలో ఏమున్నాయి? చెసిల్ గులకరాళ్ళ తీరం, 29 కిలోమీటర్లు, ఎక్కడా ఆగడానికి లేదు. తరువాత వెస్ట్ బే, రెండు గోడల మధ్య సన్నని వాకిలి, సముద్రం నుంచి గాలి వీస్తే ప్రమాదం. లైమ్ రీజిస్, ఆటులో రేవు ఎండిపోతుంది. ఎక్స్‌మత్, టెయిన్‌మత్, రెండిటికీ ముందు కదిలే ఇసుక మేటలు. చూశారా? చార్టు మీద ఐదు పేర్లు కనబడుతున్నాయి. గట్టి దక్షిణపు గాలి, లేదా ఆగ్నేయపు గాలి వచ్చిందంటే ఆ ఐదింటిలో ఒక్కటి కూడా మీకు పనికిరాదు. అందుకే వేమత్‌లో సముద్ర వాతావరణ సూచన ఒకటికి రెండుసార్లు వినండి. లైమ్ రీజిస్ దాకా ఒక సూచన, అక్కడి నుంచి ల్యాండ్స్ ఎండ్ దాకా ఇంకొకటి, మీకు రెండూ కావాలి. ఎనిమిది గంటల ప్రయాణానికి కనీసం పదహారు గంటల నమ్మకమైన వాతావరణం ఉండాలి. లేకపోతే? వేమత్‌లో కూర్చోండి. రెండు రోజులు కూర్చోవలసి వస్తే రెండు రోజులు. సెలవు రోజులు లెక్కపెట్టుకుని లైమ్ అఖాతంలోకి దిగవద్దు, చేతులు జోడించి అడుగుతున్నాను.

అవతలి ఒడ్డున బ్రిక్స్‌హామ్, టోర్ అఖాతం. పడమటి గాలికి ఇంత పెద్ద చాటు ఈ తీరంలో అరుదు. తెరచాప ఓడల కాలంలో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడే తలదాచుకునేది. 1688 నవంబరు 5న తూర్పు గాలిలో వచ్చిన విలియం ఆఫ్ ఆరెంజ్, తరువాత ఇంగ్లండ్ రాజైనవాడు, దిగింది కూడా బ్రిక్స్‌హామ్‌లోనే. ఇప్పుడు 1866 జనవరి సంగతి వినండి. నైరుతి గాలి నుంచి తప్పించుకోవడానికి ఎన్నో ఓడలు ఈ అఖాతంలో లంగరు వేశాయి. రాత్రి గాలి తిరిగింది. తూర్పు వైపు నుంచి తుఫాను. ముందు చాటుగా ఉన్న ఒడ్డే ఇప్పుడు ఓడలను నలగగొట్టే ఒడ్డయింది. బయటికి పోదామంటే గాలి ఎదురు. బ్రేక్‌వాటర్ చివర ఉన్న దీపం కొట్టుకుపోయింది. దారి తెలియడం కోసం బ్రిక్స్‌హామ్ స్త్రీలు ఇళ్ళలోని మంచాలు, బల్లలు తెచ్చి రేవు గట్టున మంట పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 40కి పైగా ఓడలు పోయాయి, సుమారు వంద మంది చనిపోయారు. ఆ నావికులు ఎవరూ కొత్తవారు కాదు. వారికి వాతావరణ సూచన లేదు, అంతే. మన చేతిలో ఫోను ఉంది, రేడియో ఉంది. అవి ఉండి కూడా తూర్పు గాలి సూచన ఉన్న రాత్రి టోర్ అఖాతంలో లంగరు మీద నిద్రపోతే ఏమనాలి?

మన వైపు వారికి ఇది అర్థం కావడానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1839 నవంబరు తుఫానులో కోరంగి రేవు నాశనమైన సంగతి గోదావరి జిల్లాల వారికి తెలుసు. ఆ పక్కనే కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ తూర్పున అడ్డుగా ఉంటుంది. ఏ దిక్కున అడ్డు ఉంది, ఏ దిక్కున తెరిచి ఉంది, చార్టు చూసినప్పుడు మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే కావాలి.

బ్రిక్స్‌హామ్ దాటితే డార్ట్‌మత్. నాకు ఈ తీరంలో అన్నిటికంటే నమ్మకమైన చోటు ఇది. లోతైన నది, ముందు ఇసుక మేట లేదు, ఏ పోటులోనైనా ఏ ఆటులోనైనా వెళ్ళవచ్చు. సముద్రం నుంచి చూస్తే కొండల మధ్య ద్వారం ఉన్నట్టే తెలియదు. అందుకే తూర్పు కొండ మీద 1864లో ఎత్తైన రాతి గోపురం కట్టారు, పగలు దాన్ని గుర్తుగా పెట్టుకుని రండి. లోపలికి వచ్చేటప్పుడు కొండల మీద నుంచి గాలి ఒక్కసారిగా దిగుతుంది, తెరచాప ముందే దించేయండి. లైమ్ అఖాతం దాటేవారి గమ్యం డార్ట్‌మత్ కావాలి, చీకటి పడినా తలుపు తెరిచి ఉంటుంది కనుక.

మరి సాల్కమ్? అవును, అందరూ అడుగుతారు. ఎంతో అందమైన ఊరు, లోపలికి వెళ్ళాక మంచి రక్షణ. వాకిలి దగ్గర మాత్రం ఇసుక మేట ఉంది, అతి తక్కువ నీరు ఉండే వేళ దాని మీద లోతు ఒక మీటరు అటూ ఇటూ. మన మత్స్యకారులకు గోదావరి మొగ, కృష్ణ మొగ దగ్గర ఈ సంగతి చెప్పక్కరలేదు. నది నీరు ఆటుతో బయటికి వస్తూ ఉంటుంది, సముద్రపు కెరటం ఎదురు వస్తూ ఉంటుంది, మధ్యలో నేల పైకి లేచి ఉంటుంది. కెరటం అక్కడ విరుగుతుంది. 1916 అక్టోబరు 27న సాల్కమ్ లైఫ్‌బోటు ఒక ఓడను కాపాడటానికి ఆ మేట దాటి వెళ్ళింది. ఆ ఓడలోని వారిని అప్పటికే ఒడ్డు నుంచి రక్షించారు. లైఫ్‌బోటు తిరిగి వస్తుండగా ఆ మేట మీదే బోల్తాపడింది. ఉన్న పదిహేను మందిలో పదముగ్గురు చనిపోయారు. ఆ నీటిని పుట్టినప్పటి నుంచి చూసినవారు వారంతా.

కాబట్టి సాల్కమ్‌కు నా నియమాలు చెబుతాను. దక్షిణపు గాలి గట్టిగా ఉంటే వద్దు. కెరటం ఉన్నప్పుడు ఆటులో వద్దు. పోటు పెరుగుతున్న చివరి రెండు మూడు గంటల్లో వెళ్ళాలి. పున్నమి, అమావాస్య రోజుల్లో ఈ ప్రాంతంలో పూర్తి పోటు వేసవి గడియారం ప్రకారం సాయంత్రం ఏడెనిమిది గంటలకు వస్తుంది, పగటి ప్రయాణం ముగించుకుని వచ్చేవారికి బాగా కలిసివస్తుంది. అష్టమి రోజుల్లో అది మధ్యాహ్నానికి పడుతుంది, సాయంత్రం వచ్చేసరికి ఆటు నడుస్తూ ఉంటుంది. బయటి నుంచి చూస్తే మేట మీద విరిగే కెరటం వీపు మాత్రమే కనబడుతుంది, అందుకని చూసి చిన్నదే అనుకోవద్దు. అనుమానం వస్తే డార్ట్‌మత్‌కు వెనక్కి, లేదా ప్లిమత్‌కు ముందుకు. రెండూ తెరిచి ఉండే రేవులే.

ప్లిమత్ బ్రేక్‌వాటర్ గోడ చూడవలసిందే. 1812లో మొదలుపెట్టారు, దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు, అఖాతం మధ్యలో నిలబడి ఉంటుంది. దాని పడమర వైపు కాసాండ్ అఖాతం ఉంది, పడమటి గాలికి చాటు, ఆగ్నేయపు గాలికి చాటు లేదు. లంగరు లెక్క అక్కడ చేసి చూపిస్తాను, కాగితం తీయండి. పున్నమి తరువాతి రోజు. సాయంత్రం ఏడున్నర, పూర్తి పోటు. లోతు కొలిచే పరికరం 4 మీటర్లు చూపిస్తోంది. మీ పడవ నీటి కింద 1.8 మీటర్లు. చాలు అనిపిస్తుంది కదా? రాత్రి ఒకటిన్నరకు నీరు 4.7 మీటర్లు దిగిపోతుంది. అంటే అక్కడ నీరే ఉండదు. పడవ పక్కకు ఒరిగి నేల మీద ఉంటుంది. అదే 8 మీటర్ల లోతులో వేస్తే రాత్రికి 3.3 మిగులుతుంది, పడవ కింద ఒకటిన్నర మీటరు. సరిపోతుంది. గొలుసు ఎంత వదలాలి? పూర్తి పోటు లోతు 8, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 1, మొత్తం 9. దానికి నాలుగు రెట్లు, 36 మీటర్లు. గాలి పెరుగుతుందంటే ఇంకా వదలండి. ఆటులో ఆ గొలుసంతా పొడుగ్గా చాచుకుంటుంది, పడవ పెద్ద వలయంలో తిరుగుతుంది. పక్క పడవకు ఎంత దూరంలో ఉన్నారో ఆ వలయం ఊహించి చూసుకోవాలి.

అడుగు నేల ఏమిటో చార్టు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఉంటుంది, ఇసుకకు ఎస్, బురదకు ఎం, రాయికి ఆర్. ఇసుక, బురద మంచివి. రాతి మీద వద్దు. లంగరు వేశాక ఇంజనుతో మెల్లగా వెనక్కి లాగండి. గొలుసు మీద చేయి పెట్టండి. లంగరు నేలలో కరుచుకుంటే గొలుసు బిగిసి నిశ్చలంగా ఉంటుంది. జారుతుంటే గరగరమని అదురు చేతికి తెలుస్తుంది. తరువాత ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు చూసుకోండి, ఇంటి పొగగొట్టం, వెనక చెట్టు, ఏవైనా సరే. పది నిమిషాల తరువాత కూడా అవి ఒకే వరసలో ఉన్నాయా? ఉంటే వంట మొదలుపెట్టవచ్చు.

అక్కడి నుంచి ఫోయి, ఫాల్మత్. రెండిటికీ నీటి ఇబ్బంది లేదు. గట్టి దక్షిణపు గాలిలో ఫోయి లోపలికి కెరటం వస్తుంది. ఫాల్మత్ ప్రపంచంలోని లోతైన సహజ రేవుల్లో ఒకటి. పక్కనే హెల్‌ఫర్డ్ నది పడమటి గాలికి చక్కని చాటు, తూర్పు గాలికి కాదు. ఈపాటికి ఆ మాట మీరే చెప్పగలరు.

ముందు వరసలో అమ్మగారు ఒకరు చీటీ రాసి పంపారు. తల్లిదండ్రులు మధ్యలో వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళాలంటే ఎక్కడ ఎక్కించుకోవాలి అని. చాలా మంచి ప్రశ్న, పథకంలో ఇది ముందే ఉండాలి. రైలు ఉన్న తెరిచి ఉండే రేవు చూసుకోండి. వేమత్, ప్లిమత్, ఫాల్మత్ మూడిటికీ రైలు ఉంది. డార్ట్‌మత్‌కు నేరుగా లేదు, దగ్గరి స్టేషన్ నుంచి బస్సో టాక్సీయో పట్టాలి. పెద్దవారిని లైమ్ అఖాతం దాటించవద్దు, ప్లిమత్‌కు రైల్లో రమ్మనండి. వారికి తేదీ చెప్పేటప్పుడు ముందూ వెనకా రెండు రోజులు వదిలి చెప్పండి, టికెట్టు మార్చుకునే వీలున్నది తీసుకోమనండి. తేదీకి కట్టుబడి గాలికి ఎదురు వెళ్ళిన పడవలు చాలా ఉన్నాయి. ఇంకా ప్రశ్నలుంటే చార్టు దగ్గరికి రండి, పెన్సిలుతో గీసి చూద్దాం.